ఎనామెల్ పసుపు

మా అంతస్తులో ఒక్కటి తప్ప అన్ని గడపలకూ నేనే రంగు వేశాను. వేయని ఆ ఒక్కటి మా గదికి సరిగ్గా ఎదురుగా ఉండేది. మధ్యలో ఒక చీకటి నడవ, అంతే. బిల్డింగ్ పడగొట్టి కొత్తది కడతారని, అందరం గదులు ఖాళీ చేయాలని ఖాయమైనప్పుడు, ఎక్కడికి పోవాలన్న ఆలోచన కంటే ముందు నాకు ఆ గడపే గుర్తొచ్చింది. దాని ముందు ఒకసారి వంగకుండా ఈ మెట్లు దిగిపోతే ఇక ఆ అవకాశం రాదు. ఆ గది మనిషి ఒక దిక్కుకు పోతుంది, నేనొక దిక్కుకు పోతాను, గడపను ఎవడో పాత కట్టెల వ్యాపారి బండి మీద వేసుకుని పోతాడు. చేయాల్సిన పని మాత్రం నా దగ్గరే మిగిలిపోతుంది.

నేను ముంబై ఫోర్ట్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్ట్ నడిపేవాణ్ణి. ఇనుప జాలీ తలుపు లాగడం, మూయడం, మళ్లీ లాగడం. జనం ఎక్కుతారు, దిగుతారు. వాళ్ల పనులన్నీ ఆ తలుపుకు అవతల జరుగుతాయి. సాయంత్రం కామాఠీపురాకు తిరిగొచ్చేసరికి పగలంతా ఏం చేశానని ఎవరైనా అడిగితే చూపించడానికి నా చేతిలో ఏమీ ఉండేది కాదు. మా తాత ఈ నగరంలో మేడలకు సున్నం మోశాడు. దారిలో పోతూ పోతూ ఆ గోడ మాదే, ఈ కమాను మాదే అని వేలు చూపించేవాడట. నాకు చూపించడానికి గోడ లేదు. బహుశా అందుకే చెక్క పట్టుకున్నాను.

నాగ్‌పాడాలో ఒక పాత ఇనుము దుకాణంలో చెక్క నునుపు చేసే రంద ఒకటి, తుప్పు పట్టింది, దొరికింది. దాని పలకను రాతి మీద నూరి నూరి మొహం కనబడేలా చేశాను. చెక్కకు మాకు కరువు లేదు. ఫోరస్ రోడ్ పక్కన ఎప్పుడూ ఏదో ఒక పాత బిల్డింగ్ పడుతూనే ఉండేది, దాంట్లోంచి టేకు ముక్కలు వచ్చేవి. మెట్ల చేతికర్రలు, కిటికీ రెక్కలు, అల్మరా తలుపులు. పైన పొగా జిడ్డూ పేరుకుని బొగ్గులా ఉండేవి. రంద ఒక్కసారి నిండుగా పోనిస్తే ఆ నలుపు ఒక సన్నటి చుట్టగా లేచి పడిపోయి, కింద తేనెరంగు బయటపడేది. ఎవరో అప్పుడే నిద్రలేచినట్టు వాసన వచ్చేది. ఆ వాసన కోసమే వారమంతా ఆ లిఫ్టులో నిలబడగలిగేవాణ్ణి అంటే అతిశయోక్తి కాదు.

గదిలో చోటు లేదు కాబట్టి ఆదివారాలు నడవ చివర కిటికీ దగ్గర బొంత పరుచుకుని కూర్చునేవాణ్ణి. పీటలు, పోపుల పెట్టెలు, దేవుడి అరలు, గోడకు తగిలించే చిలకలు చేసేవాణ్ణి. చెక్క నునుపయ్యాక రంగులు. నాకు అదే అసలు సంబరం. పసుపు నేల మీద ఎర్రటి తీగ. తీగ మలుపు తిరిగే చోట ఊపిరి బిగబట్టి కుంచెను ఒక్క ఊపున లాగాలి. మధ్యలో ఆగితే ఆగిన చోటు కనబడుతుంది. ఆ మలుపు సరిగ్గా వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడో బిగుసుకున్న ముడి విడిపోయినట్టుండేది. నా భార్య పక్కన నిలబడి చూసి, "ఈయన ఒక్క తీగ గీసినంకనే పొద్దు గుంకుతది. అప్పటిదాంక సూర్యుడు గూడ ఆగాలె," అనేది. నవ్వుతూనే నేల మీద చెక్కపొట్టంతా చేటలోకి ఎత్తేది.

ఆ పొట్టు ఎక్కడికి పోయేదో చాలాకాలం నేను పట్టించుకోలేదు. ఎదురింటికి పోయేది. ఆ ఇంటామె నీళ్లు కాచుకునే బంబు కింద రాజేసుకునేది.

ఎదురింటి ఆమె గురించి చెప్పాలి. వయసులో నా భార్యకంటే పెద్దది. మా అంతస్తులో అందరికీ తెలిసిన సంగతి, ఎవరూ ఆమె ముందు అనని సంగతి ఒకటుంది. చిన్నప్పుడు ఆమెను తెచ్చి పక్క గల్లీలో, గ్రిల్లు తలుపుల వెనక, ఆ వ్యాపారంలో పడేశారు. పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ ఆమెను అక్కణ్ణుంచి తీసుకొచ్చి, పెళ్లి చేసుకుని, మా ఎదురుగదిలో కాపురం పెట్టాడు. అతను పోయాక కూడా ఆమె ఆ గదిలోనే ఉండిపోయింది. పూలు గుచ్చేది, పప్పులు ఏరిచ్చేది. గట్టిగా నవ్వేది. నా భార్య ఆమెను అక్క అని పిలిచేది. ఆ లెక్కన నాకు వదిన కావాలి. నేను ఏ వరసా కలపలేదు. అన్నేళ్లు ఎదురెదురుగా ఉండి, ఆమెను ఏ పేరుతోనూ పిలవకుండా నెట్టుకొచ్చాను. అవసరం పడితే గొంతు సవరించుకునేవాణ్ణి, ఆమె తప్పుకునేది.

శుక్రవారం పొద్దున మా అంతస్తులో ఆడవాళ్లంతా గడపలకు పసుపు పూసేవాళ్లు. ముంబై వచ్చి ఎన్ని తరాలైనా ఆ అలవాటు పోలేదు. మా బిల్డింగ్ గడపలు పాత టేకువి, అరచెయ్యి వెడల్పు ఉండేవి. నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నెలో పసుపు కలిపి, మూడు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు పూసేది. దాని మీద కుంకుమ బొట్లు, బియ్యప్పిండి గీతలు. గిన్నెలో కాస్త పసుపు ఎప్పుడూ మిగిల్చేది. ఆ మిగిలింది తీసుకుని నడవ దాటి ఎదురింటి గడపకు పూసేది. మొగుడు పోయాక ఆమె తన గడపకు తాను పసుపు పెట్టుకోవడం మానేసింది. నా భార్య ఊరుకోలేదు.

"మనిషికి మొగుడు పోతడు, గడపకు పోతడా అక్కా? జరుగు," అని ఆమెను తోసేసి పూయడం నేను ఒకసారి షేవింగ్ చేసుకుంటూ విన్నాను. తర్వాత ఇద్దరూ తలుపు దగ్గరే కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. నేను డ్యూటీకి పోయేటప్పుడు వాళ్ల నవ్వులు మెట్ల దాకా వినిపించేవి.

నాకు అది ఇష్టం ఉండేది కాదు. ఎందుకు ఇష్టం లేదో అప్పుడు నన్ను నేను అడగలేదు. నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఒక్కటే నా మనసులో తిరిగేది.

ఒక ఆషాఢంలో బోనాలకు అమ్మవారిని కూర్చోబెట్టే పీట నన్ను చేయమన్నారు. అంత పెద్ద పని నాకెప్పుడూ రాలేదు. నడవలో కూర్చుని నెల పొడుగూ చేశాను. అంచు చుట్టూ తామర రేకులు, నాలుగు మూలలా చిలకలు. తీసుకుపోవడానికి జాతర నడిపే పెద్దమనిషి స్వయంగా వచ్చాడు. పీట మీద చెయ్యి వేసి నిమిరాడు. నా ఛాతీ ఉప్పొంగింది.

"మంచిగ చేసినవ్. చెయ్యి శుద్ధమున్నది నీది," అన్నాడు. తర్వాత ఎదురింటి గడప వైపు కళ్లతోనే చూపించాడు. ఆ రోజు శుక్రవారం. రెండు గడపలూ ఒకే పసుపుతో తడి ఆరుతున్నాయి. "గని మీ ఇంట్ల పసుపు యాడిదాంక పోతున్నదో ఎరికేనా? అమ్మవారి పీట చేసినోని ఇల్లు. జరంత చూస్కో."

అప్పుడు నేనొక మాట అనాల్సింది. మా ఇంటి పసుపు మా ఇష్టం అనాల్సింది. నేను తల ఊపాను. ఆ తల ఊపు ఇంకా నా మెడలోనే ఉంది. అప్పుడప్పుడు అద్దం ముందు నిలబడితే కనిపిస్తుంది.

నా భార్యతో పోట్లాడే ధైర్యం నాకు లేదు. వద్దని చెబితే ఎందుకని అడుగుతుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని నా చేతిలో ఉన్న పనినే వాడుకున్నాను. ఆమె తమ్ముడి పెళ్లికి ఊరికి పోయినప్పుడు గడపను గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, పసుపు ఎనామెల్ వేశాను. అది ఆరాక ఎర్రటి బొట్లు, తెల్లటి గీతలు, రెండు చివర్లా తామరలు, మధ్యలో తీగ. పూసిన పసుపు వారానికి చెరిగిపోతుంది, ఇది ఏళ్లకేళ్లు ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పి, ఇక వంగక్కర్లేదు. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను వేసింది అడ్డుగోడ. గడపకు పసుపు కలిపే పని లేకపోతే గిన్నెలో మిగిలేది ఉండదు, మిగలకపోతే నడవ దాటేది ఉండదు. దాన్ని అందంగా వేశాను. ఆ తీగ నా జీవితంలో నేను గీసిన తీగలన్నిట్లో బాగా వచ్చింది. గీస్తున్నంతసేపూ నాకు సంతోషంగానే ఉందని కూడా ఒప్పుకోవాలి.

ఊరి నుంచి వచ్చి, బ్యాగు చేత్తో పట్టుకునే ఉండి, నా భార్య గడప ముందు ఆగిపోయింది. వంగి మూడు వేళ్లతో తాకింది. వేళ్లు తిప్పి చూసుకుంది. వాటికి ఏమీ అంటలేదు.

"ఎట్లుంది?" అన్నాను.

"మస్తుగుంది," అంది. ఇంకాసేపు అలాగే నిలబడి, "మస్తుగుంది. ఇగ నాకేం పని లే," అని లోపలికి వచ్చింది.

అదే ఆమె అన్నది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ రంగు ఎందుకు వేశానని ఆ తర్వాత కూడా ఒక్కసారీ అడగలేదు. నేను గెలిచాననుకున్నాను.

మా అంతస్తు వాళ్లు చూసి ముచ్చటపడ్డారు. "అన్నా, మాదానికి గూడ ఎయ్యవా," అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఆదివారం ఆదివారం ఒక్కో గడప పట్టుకున్నాను. ఒకరికి నెమళ్లు, ఒకరికి మామిడి పిందెలు. చివరి గడప పూర్తయ్యేసరికి నడవలో ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర దాకా పసుపు మెరుస్తూ ఉండేది. నడుమ ఒక్క గడప మాత్రం బోసిగా, నల్లగా. పక్క గది ఆవిడ అందరి ముందే అడిగింది.

"గా ఎదురుదాన్ని ఇడిసిపెట్టినవేంది అన్నా? నోట్ల పన్ను ఊడినట్టున్నది."

"రంగయిపోయింది," అన్నాను.

ఎదురింటి ఆమె తలుపు తెరిచే ఉంది. లోపల పప్పు ఏరుతోంది. చేట మీద గింజల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. ఆ ఆగిన క్షణం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నిశ్శబ్దం వినిపించడమేమిటని మీరు అడగవచ్చు. వినిపిస్తుంది.

ఆ తర్వాత మా అంతస్తులో శుక్రవారాలు మామూలు వారాలైపోయాయి. వంగే వాళ్లు లేరు, పిండి గిన్నెలు లేవు.

మా గడపకు మాత్రం ఒక జబ్బు పట్టుకుంది. కుడివైపు చివర, తామర పక్కన, రంగు పొక్కు లేచేది. గుండ్రంగా, అరచేయంత. నేను గీకి, రుద్ది, మళ్లీ వేసేవాణ్ణి. కొన్నాళ్లకు మళ్లీ అదే చోట, అదే గుండ్రటి పొక్కు. రంగుల దుకాణం వాణ్ణి అడిగితే, చెక్కలో తడి ఉంటే అలాగే లేస్తుందన్నాడు. తడి ఎక్కణ్ణుంచి వస్తుంది? పైకప్పు కారడం లేదు, పక్కన కుళాయి లేదు. టేకులో ఏదో లోపముందనుకున్నాను. గీకడం, వేయడం. ఏళ్ల తరబడి అదే పని. నా భార్య చూస్తూ ఉండేది. "మల్ల లేచిందా?" అనేది. ఆ గొంతులో ఏముందో నేను వినలేదు.

ఒక వానాకాలం నా భార్యకు జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రి నుంచి ఆమెను ఇంటికి తెచ్చింది చివరి చూపుకే. ఆడవాళ్లు ఆమె మొహానికి, పాదాలకు పసుపు రాశారు. ముత్తయిదువుగా పోయింది, అదృష్టవంతురాలన్నారు. నడవ నిండా జనం. ఎదురింటి ఆమె తన గుమ్మంలో నిలబడి ఉంది. కుడిచేతి వేళ్లకు తడి పసుపు. ఎవరైనా రమ్మంటారేమోనని చూస్తోంది. ఎవరూ పిలవలేదు. పిలవాల్సింది నేను. ఆమె చూపు నా మీదికి వచ్చింది. నేను కిందికి చూశాను. మోసేవాళ్లు పాడెను బయటికి తీస్తున్నారు. ఆ క్షణంలో నేను చూసింది వాళ్ల కాళ్లు నా తీగను గీకేస్తాయేమోనని. ఇంతకంటే నా గురించి నేను ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు.

కర్మలన్నీ అయ్యాక, ఏదో ఒక పని కావాలి కాబట్టి గడపకు మళ్లీ రంగు వేశాను. పొక్కు చోటును గీకి, ఆరబెట్టి, వేశాను. నెలలు గడిచాయి. పొక్కు లేవలేదు. సంవత్సరం తిరిగింది. లేవలేదు. రంగు అద్దంలా నిలిచింది. లిఫ్టు డ్యూటీ నుంచి వచ్చి, గడప దాటబోతూ ప్రతి సాయంత్రం ఆ మూలకు చూసేవాణ్ణి. చెక్కలో లోపమైతే నా భార్యతో పాటు ఎలా పోయింది? వేలితో తడిమి చూసేవాణ్ణి. ఆ నునుపు నన్ను భయపెట్టేది. ఆ పొక్కు మళ్లీ లేస్తే బాగుండునని, ఎందుకో తెలియకుండానే, కోరుకునేవాణ్ణి. శుక్రవారం పొద్దున పసుపు వాసన వచ్చినట్టుండి లేచి కూర్చునేవాణ్ణి. వచ్చేది ఎనామెల్ వాసన కూడా కాదు. ఏ వాసనా ఉండేది కాదు. మంచం మీద ఆమె వైపు ఖాళీ, అవతల తలుపు, తలుపు కింద మెరిసే పసుపు. అంతే.

రిటైరయ్యాక పగలంతా ఇంట్లోనే ఉండేవాణ్ణి. రంద పట్టుకుంటే చెయ్యి పోయేది, మనసు పోయేది కాదు. తీగ మలుపు దగ్గర కుంచె ఆగిపోయేది. ఆగిన చోటు కనబడేది.

ఇక ఇప్పుడు. ఖాళీ చేసే వారం వచ్చింది. మా గది గడపను ఊడదీసి, దానితో ఒక పీట చేసుకుని కొత్త చోటికి తీసుకుపోదామనుకున్నాను. నా భార్య పాదాలు దాటిన కట్టె అది. కొట్టుకు పోయి పసుపు పొట్లం కూడా తెచ్చి జేబులో పెట్టుకున్నాను. ముందు నా గడప పని, ఆ తర్వాత ఎదురింటి గడపకు పసుపు రాసి, తప్పయిందని చెప్పడం. ఇదీ నా ఏర్పాటు. నడవంతా కట్టలు, మూటలు, గోడల మీద కేలండర్లు తీసిన తెల్లటి మచ్చలు. నేను గడప ముందు కూర్చుని రంగు గీకడం మొదలుపెట్టాను. ఎనామెల్ చేప పొలుసుల్లా లేస్తోంది.

పక్క గదాయన మంచం పట్టె మోసుకుపోతూ ఆగాడు. "ఏం అన్నా, కొత్త ఫ్లాటుల మార్బల్ పెడతరట. గీ కట్టె యాడ పెడతవ్?"

"నెత్తి మీద," అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

ఎదురింటి ఆమె తన గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని చూస్తోంది. జుట్టంతా తెల్లబడింది. చూపు మాత్రం తగ్గలేదు.

"ఎక్కిచ్చినోడే దించుతున్నడు," అంది, నాతో కాదన్నట్టు, నాకు వినబడేట్టు.

కుడివైపు చివరకు వచ్చాను. పొరలన్నీ పోయి చెక్క బయటపడింది. టేకులో ఒక వలయం. చక్కగా, గుండ్రంగా, చుట్టూ నల్లటి గీత, లోపల కొంచెం లేతగా. బొటనవేలితో రుద్దాను. పోలేదు. లోపలికి ఇంకిపోయింది.

"ఇక్కడ చెక్కలో ఏదో లోపముంది. ఎప్పుడూ రంగు నిలిచేది కాదు," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

ఆమె నవ్వింది. పాత నవ్వే, గట్టిగా. "లోపమంట! గిన్నె పెట్టేటిదయ్యా ఆడ."

"ఏ గిన్నె?"

"పసుపు గిన్నె. నీ ఇంట్ల ఎన్నున్నయ్? మోకాళ్లు వంగకపోతుండె గద ఆమెకు. గడప దాటాలంటే రెండు చేతులా తలుపు పట్టుకోవాలె. గిన్నె ఆడ పెట్టి, దాటి, మల్ల వంగి తీసుకుంటుండె. తడి గిన్నె. శుక్రారం శుక్రారం, నువ్వు లిఫ్టుకు పోంగనే."

గీకే పలకను కింద పెట్టాను. "నేను రంగు వేశాక కూడానా?"

"రంగేసినంక గూడ. నీ గడపకు బందైంది. నా గడపకు గాలే. నువ్వొచ్చే యాళ్లకు నేను తడిగుడ్డతోటి తుడిచేస్తుంటి. ఆస్పత్రికి పోయే ముందటి శుక్రారం గూడ ఒచ్చింది, జ్వరంల."

నేను పొక్కు గీకిన ప్రతిసారీ "మల్ల లేచిందా?" అన్న ఆ గొంతు అప్పుడు వినిపించింది. ఏళ్ల తర్వాత, మొదటిసారి.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే బందు పెడుతుంటివి గద."

అందులో నింద లేదు. ఎండ కాస్తోంది అన్నట్టు అంది. మా గదిలో నా పక్కన పడుకుని, నా అన్నం వండి, నాకు ఒక్క చిన్న సంగతి తెలియకుండా వారం వారం దాచుకుంటూ బతికిన మనిషిని నేను అప్పుడు చూశాను. నా అడ్డుగోడ ఎవరినీ ఆపలేదు. నన్ను మాత్రమే బయట పెట్టింది.

నాకు ఇంకొకటి అడగాలనిపించింది. అడగకూడదని తెలిసీ అడిగాను. "నా గురించి ఏమైనా అనేదా?"

ఆమె కాసేపు ఆలోచించింది, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు. "నీ ముచ్చటనా? రాలే. ఒక్కనాడు గూడ రాలే. మాకు మస్తు ముచ్చట్లుంటుండె."

నడవలో ఎవరో పెట్టె ఈడ్చుకుంటూ పోయారు. లేచి వాళ్లకు దారిచ్చి, మళ్లీ కూర్చున్నాను.

"వదినె," అన్నాను. ఆ మాట నా నోట్లో కొత్త పన్నులా అడ్డం పడింది. "తప్పయింది నాది. ఆ రోజు రంగు అయిపోలేదు."

"ఎరికే. డబ్బ మీ కిటికీల పెట్టుకుంటివి, సగం. నాకు ఈడికెళ్లి కనబడుతుండె." చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "వదినె అంటున్నవ్. ఖాలీ చేసెటప్పుడు దొరికిందా వరస?"

జేబులోంచి పసుపు పొట్లం తీశాను. ఆమె గడపకు రాస్తానన్నాను. మగవాడు గడపకు పసుపు రాయడం మా అంతస్తులో ఎవరూ చూడలేదు. చూస్తే చూడనీ అనుకున్నాను.

"వద్దు," అంది వెంటనే. "పెట్టాలంటె ముందుగాల కడగాలె. నేను కడగ. చూడు ఇటు."

వంగి చూశాను. ఆమె గడప నల్లగా, గరుగ్గా ఉంది. చెక్క గీతల సందుల్లో, పగుళ్లలో సన్నటి పసుపు. ఆ వానాకాలం తర్వాత ఆమె దాన్ని తడిగుడ్డతో కూడా తుడవలేదట.

"నీకు చెయ్యాల్నని ఉంటే ఒకటి చెయ్యి. గీ గడప ఊడదీసియ్యి. నా చెల్లెలి కొడుకు ఒస్తుండు రేపు, కల్యాణ్ దిక్కు తీస్కపోతడు నన్ను. ఇది గూడ నాతోటి ఒస్తది." వేలు చూపించింది. "ఒక్క మాట. రంద పెట్టకు. రంగు ముట్టియ్యకు."

అలా చివరికి ఆ గడప ముందు వంగాను, రంపం పట్టుకుని. రెండు చివర్లా తలుపు చట్రంలో బిగిసి ఉంది. ఉలితో సందు చేసి, మెల్లగా కోశాను. పసుపు ఉన్న వైపు నా చెయ్యి తగలకుండా గుడ్డ వేసి పట్టుకున్నాను. బయటికి వచ్చాక కోసిన అంచులు బీటలు బీటలుగా, పీచులు లేచి ఉన్నాయి. నా చెయ్యి తనంతట తాను రంద వైపు పోయింది. ఒక్క పట్టు పడితే చాలు, అంచు నునుపవుతుంది. ఆమె చూస్తోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్లలో నేను నునుపు చేయకుండా వదిలిన మొదటి చెక్క అది.

మర్నాడు ఆమె చెల్లెలి కొడుకు వచ్చి గడపను పాత చీరలో చుట్టి భుజాన వేసుకున్నాడు. ఆమె మెట్ల దగ్గర ఆగి, నా పనిముట్ల సంచి వైపు చూసి, "ఆడ బంబుకు పొట్టు ఎవలిస్తరో," అంది. దిగిపోయింది. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు.

ఇప్పుడు నేను అద్దె గదిలో ఉంటున్నాను. ఇక్కడ గడప లేదు. తలుపు కింద ఒక రాతిపట్టీ ఉంది, అంతే. మా గడప గోడకు ఆనించి ఉంది. పీట చేయలేదు. రంగు పోయిన చోట తేనెరంగు, నేను గీకలేకపోయిన చోట తీగ ముక్కలు, కుడి చివర ఆ వలయం. కిటికీ దగ్గర కూర్చుని ఇప్పటికీ చిన్న చిన్న వస్తువులు చేస్తుంటాను. చెక్క వాసన మారలేదు. చేతికి సుఖం కూడా తెలుస్తూనే ఉంటుంది. దానికి సిగ్గుపడటం మానేశాను, ఆ సుఖాన్ని నమ్మడం కూడా మానేశాను.

పోయిన శుక్రవారం సామాను సర్దుతుంటే ఇత్తడి గిన్నె దొరికింది. అడుగున పచ్చగా మరక. గడపను నేల మీద పడుకోబెట్టాను. గిన్నెలో కాసిని నీళ్లు పోసి, అడుగు తడిపి, ఆ వలయం మీద పెట్టి చూశాను.

సరిగ్గా కూర్చుంది. ఒక వెంట్రుక వాసి అటూ ఇటూ లేదు.

తీసి పక్కన పెట్టాలనుకున్నాను. మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, దాన్ని తీసుకోవడానికి అవతలి వైపు నుంచి ఎవరైనా వంగుతారేమోనని చూస్తూ కూర్చున్నాను.